డేటన్ నగరము – నీరు నిలువని ఆనకట్టలు

ఆనకట్ట యనగానే మన మనస్సునకు తోచునది నిండిన జలాశయము, దానినుండి సాగు కాలువలు. ఏడాదిలో చాలకాలము నీరు నిలువయుంచని అయిదు ఆనకట్టలను నమ్ముకొనిన నగరమొకటి అమెరికాలో గలదు. ఒహాయో రాష్ట్రమునందలి ఆ డేటన్ నగరమును గూర్చి నేడు ముచ్చటించుకొందము.

1796లో ఈ ఊరిని నెలకొల్పినవారు గ్రేట్ మయామీ నదిలో స్టిల్‌వాటర్, మ్యాడ్ అను నదులు కలియుచోటు నెన్నుకొనిరి. మ్యాడ్ అనగా పిచ్చి. పేరు విన్నప్పుడైనను వారు జాగ్రత్తపడవలసినది! కాని నేల సారవంతము, ఊరు పెరిగినది. రైట్ సోదరులు సైకిళ్ళ దుకాణము నడపుచు విమానమును రూపొందించినది ఇచ్చటనే. ఆర్విల్ రైట్ సహాధ్యాయి, నల్లజాతి కవి పాల్ లారెన్స్ డన్‌బార్ జన్మించినదియు ఇచ్చటనే.

1913 మార్చి 25న గట్లు తెగినవి. నగరమధ్యమున కొన్నిచోట్ల 20 అడుగుల నీరు నిలిచినది. జనులు అటకలపైకి, కప్పులపైకి ఎక్కి ప్రాణములు దక్కించుకొనిరి. చుట్టును నీరే, అయినను గ్యాసు గొట్టములు పగిలి మంటలు చెలరేగినవి. నది లోయ మొత్తముమీద 360 మందికి పైగా మరణించిరి. నగదు లెక్కయంత్రముల కర్మాగారాధిపతి జాన్ ప్యాటర్సన్ తన పనివారిచేత సుమారు 300 పడవలు చేయించి బాధితులను తరలించెను. రైట్ సోదరుల తొలి విమానయానమును చిత్రించిన గాజుపలకయు నీట మునిగి ఒక మూల చెడినది.

వరద తీసిన కొలది వారములకే పౌరులు 20 లక్షల డాలర్లకు పైగా చందా లొప్పుకొనిరి. కేంద్రప్రభుత్వ ధనము నాశింపలేదు. ఆర్థర్ మోర్గన్ అను ఇంజనీరు పథకము వేయగా 1918 – 1922 మధ్య అయిదు ఆనకట్టలు లేచినవి. వాని అడుగున తలుపులు లేని సొరంగములు గలవు. మామూలు ప్రవాహము వానిగుండ నిరాటంకముగా పోవును. వరద వచ్చినపుడు దిగువ నది మోయగలిగినంత నీరే బయటపడును. మిగిలినది వెనుక పొలములపై నిలిచి, మెల్లగా తీసిపోవును. పిమ్మట అవే పొలములలో సేద్యము సాగును. 1913 నాటి వరదకంటె 40 శాతము అధికమైన నీటికి తట్టుకొనునట్లు లెక్కకట్టిరి.

ఇందులకు మూల్యము చెల్లించినవారును గలరు. ముంపున పడనున్న ఆస్‌బర్న్ గ్రామస్థులు తమ యిండ్లను విడువలేక, సుమారు 400 ఇండ్లను పునాదులపైనుండి లేపి, కొన్ని మైళ్ళ దూరమునకు తరలించుకొనిపోయిరి. పట్టణము కొరకు పల్లె కదలుట మనము వినని కథ కాదు. ఇండ్లతో సహా కదలుట మాత్రము అరుదు.

రాధాకృష్ణన్ పండితుని అధ్యక్షతన 1948లో ఏర్పడిన విశ్వవిద్యాలయ విద్యాసంఘమున సభ్యుడై మన దేశమునకు వచ్చినది ఈ మోర్గనే.

1960లో 2,62,000 గానున్న డేటన్ జనాభా 2020 నాటికి 1,37,000కు తగ్గినది. లెక్కయంత్రముల సంస్థ తన ప్రధాన కార్యాలయమును 2009లో జార్జియాకు తరలించినది. ఆనకట్టలు మాత్రము 1922 నుండి రెండువేల పర్యాయములకు పైగా వరద నీటిని ఆపినవి.