ఒంటి చక్రం



సైకిలుకు రెండు చక్రాలు. ఒక్కటే ఉంటే? పట్టుకోను హ్యాండిలు ఉండదు. తొక్కడం ఆపితే పడిపోతారు. ఇంగ్లండు కుర్రాడు ఎడ్ ప్రాట్ 19 ఏళ్ళప్పుడు, 2015లో, అలాంటి బండి ఎక్కి ఊరు కదిలాడు. దేశదేశాలు తిరిగి 2018లో ఇల్లు చేరాడు. సుమారు 34 వేల కిలోమీటర్లు! ఎందుకంటారా? పేద పిల్లలకు బడిసంచులు ఇవ్వడానికి. 3 లక్షల పౌండ్లకు పైగా విరాళాలు వచ్చాయి.

మన మార్కాపురం పలకలు కూడా ఎక్కడెక్కడి పిల్లలకో అక్షరాలు దిద్దించాయి. ఆ పలకలు నునుపు చేసిన ఆడవాళ్ళు ఎందరికో మాత్రం అక్షరం ముక్క రాలేదు. ఇప్పుడు వాళ్ళ వంతు వచ్చింది.

పడకుండా ఒంటి చక్రం ఎవరికీ రాదు. చదువూ అంతే. తప్పు పోతే సిగ్గెందుకు? తుడిచి మళ్ళీ రాయండి. దేశాలు తిరగక్కర్లేదు. రేపు కంభం బస్సేదో, గిద్దలూరు బస్సేదో ఎవరినీ అడక్కండి. బోర్డు మీరే చదవండి.