సాక్షి నోరు మూయింపకుడు

(ఉప్పలగుప్తములో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ఉపన్యాసము)



మనుష్యుల క్రయవిక్రయములు పూర్వకాలపు కథలని మనలో పలువురు తలంచుచున్నారు. నేడు సంతలో పశువునకు వలె మనిషికి పగ్గము వేసి ఎవరును బేరమాడరు. నేటి బేరము తీపి మాటలతో మొదలగును. పట్నములో పని ఇప్పింతునని ఒకడు, కట్నము లేకుండ పెండ్లి కుదుర్తునని ఒకడు, గల్ఫ్ దేశమున ఇంటిపనికి మంచి జీతము వచ్చునని మరియొకడు వచ్చును. మన కోనసీమ నుండి ఆ దేశములకు పోయి కష్టించి ఇల్లు నిలుపుకొన్న స్త్రీలు ఎందరో కలరు. ఏజెంటు మాట నమ్మి చిక్కులలో పడినవారును కలరు. పాస్‌పోర్టు యజమాని చేతిలో, జీతము ఏజెంటు చేతిలో చిక్కినప్పుడు ఆ మనిషికి మిగులునది కన్నీరొక్కటే.

మన రాజ్యాంగము 23వ అధికరణమున మనుష్యుల వ్యాపారమును నిషేధించినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను ప్రకారము ఈ నేరమునకు 7 సంవత్సరములకు తక్కువ గాని కఠిన శిక్ష కలదు. బాధితులు మైనరులైనచో అది 10 సంవత్సరములకు తగ్గదు. "ఆమె ఇష్టపడియే వచ్చినది" అను వాదము చెల్లదు. బాధితురాలి సమ్మతితో నిమిత్తము లేదని ఆ సెక్షనే చెప్పుచున్నది.

అయినను, చట్టము పుస్తకములో ఉన్నంత మాత్రమున నేరస్థుడు జైలుకు పోడు. కోర్టులో సాక్ష్యము నిలువవలెను. ఆ సాక్ష్యము ముఖ్యముగా రెండు విధములు: బాధపడినవారు చెప్పునది, నిపుణులు చెప్పునది.

మన తెలుగువారికి సంబంధించిన కేసు నొకదానిని చెప్పెదను. కృష్ణా జిల్లా వెల్వడము గ్రామమునుండి అమెరికా వెళ్ళి, బర్కిలీ పట్టణములో గొప్ప ఆస్తిపరుడైన లకిరెడ్డి బాలిరెడ్డి, తప్పుడు పత్రములతో మన ప్రాంతపు బాలికలను అక్కడకు రప్పించెను. 1999 నవంబరు 24న ఆతని అద్దె ఇంటిలో విషవాయువు కమ్మి 17 ఏండ్ల బాలిక మరణించినది. దారిన పోవు ఒక మహిళ అక్కడ జరుగుచున్న గందరగోళమును చూచి ఊరకుండక పోలీసులకు కబురు చేయించెను. బ్రతికిన బాలికకు ఇంగ్లీషు రాదు. వచ్చిన పోలీసులకు తెలుగు రాదు. అప్పుడు దుబాసిగా మాటలు చెప్పినది ఎవరనుకొన్నారు? ఆ బాలిరెడ్డియే! కంచె చేను మేయుట యన్న ఇదియే కదా. ఈ వయస్సు బాలిక బడిలో ఎందుకు లేదని ఆ ఊరి ఉన్నత పాఠశాల విద్యార్థులు తమ పత్రికలో ప్రశ్నించిరి. పెద్దలకు తట్టని ప్రశ్న పిల్లలకు తట్టినది. చివరకు 2001లో అతడు నేరము నొప్పుకొనగా, 97 నెలల జైలుశిక్ష పడినది.

ఆ కేసులోనే మరియొక పాఠము కలదు. ప్రభుత్వము పక్షమున పనిచేసిన దుబాసి, సాక్షులను ఉన్నదానికంటె ఎక్కువ చేసి చెప్పుమని ప్రోత్సహించెనన్న ఆరోపణ తరువాత వచ్చినది. ప్రతివాదులు దానిని ఆయుధముగ చేసికొనిరి. కాబట్టి బాధితురాలిపై జాలితోనైనను ఆమె నోట మన మాట పెట్టరాదు. ఆమె చెప్పినది చెప్పినట్లు ఉండుటయే ఆమెకు రక్ష.

"అంత కష్టము జరిగినచో ఇన్నాళ్ళు ఏల చెప్పలేదు? నిన్నొక మాట, నేడొక మాట ఏల?" అని మన అరుగులమీద అడుగుచుందురు. భయము, సిగ్గు, అప్పు, ఇంటివద్ద పిల్లలకు కీడు జరుగునను బెదిరింపు మనిషి నోరు కట్టివేయును. కొందరు తేదీలు మరతురు. కొందరు తమను పట్టి ఉంచినవానినే వెనుకవేసికొని వత్తురు. ఇది అబద్ధమునకు గుర్తు కాదని కోర్టుకు వివరించుటకే మనస్తత్త్వ నిపుణుల సాక్ష్యము ఉపయోగపడును. 2025 డిసెంబరులో సుప్రీంకోర్టు బెంగుళూరు కేసొకదానిలో, ఇట్టి బాలికను నేరములో భాగస్వామిగా చూడరాదనియు, గాయపడిన సాక్షి మాటకిచ్చు విలువ ఆమె మాటకు ఈయవలెననియు చెప్పినది.

ఇక నిపుణుల సాక్ష్యములో మీకు నేరుగ సంబంధించినది వయస్సు. మన ప్రాంతమున "1996 తుపానుకు ముందు పుట్టినది, తరువాత పుట్టినది" అని వయస్సు లెక్కించు తల్లులు ఉన్నారు. తల్లికి అది చాలును, కోర్టుకు చాలదు. 2015 నాటి బాలల న్యాయచట్టము 94వ సెక్షను మొదట బడి సర్టిఫికేటును చూడుమనుచున్నది. అది లేనిచో మునిసిపాలిటీ గాని పంచాయతీ గాని ఇచ్చిన జనన ధ్రువపత్రమును చూడవలెను. ఈ రెండును లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో రెండేండ్లు అటునిటు తేడా రావచ్చునని కోర్టులే అంగీకరించినవి. 17 ఏండ్ల బాలిక 19 ఏండ్ల యువతిగా లెక్కకు వచ్చినచో నేరస్థునికి ఎంత లాభమో ఆలోచింపుడు. మీ రిజిస్టరులో ఆనాడు వ్రాసిన ఒక్క పంక్తి, ఏండ్ల తరువాత డాక్టరు చెప్పలేనిదానిని చెప్పును.

చేవ్రాత నిపుణుడు దొంగ ఒప్పందమును పట్టును. ఫోనులోని సందేశములు సర్టిఫికేటుతో కోర్టుకు చేరును. కావున ఏజెంటు పంపిన సందేశములను, డబ్బు కట్టిన రసీదులను చెరిపివేయవద్దని, పారవేయవద్దని మీ వార్డులో చెప్పుడు.

అన్నిటికంటె చేదైన మాట చివర చెప్పుచున్నాను. బాధితురాలు కోర్టుకు వచ్చునాటికి మాట మార్చుటకు కారణము పలుమారులు లాయరు కాదు, ఊరి పెద్దమనిషి. "ఏదో జరిగిపోయినది, కొంత సొమ్ము ఇప్పించెదము, ఆడపిల్ల పేరు చెడిపోవును, రాజీ పడుడు" అని మనమే చెప్పుదుము. ఆ రాజీతో ఏజెంటు బయటపడి మరుసటి నెల ప్రక్క ఊరికి పోవును. అక్కడి పిల్ల మన పిల్ల కాదా?

రాజీకి బదులు చేయదగిన పనులు కలవు. బాధితురాలి వాఙ్మూలమును మేజిస్ట్రేటు ఎదుట నమోదు చేయింపవచ్చును. బెదిరింపు ఉన్నచో, 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకము క్రింద జిల్లా న్యాయమూర్తి అధ్యక్షతన గల సంఘమునకు దరఖాస్తు పెట్టవచ్చును. వ్యభిచార గృహముల సోదాకు పోలీసులు స్థానికులగు పెద్దలను సాక్షులుగ పిలిచినపుడు తప్పించుకొనక వెళ్ళుడు. వారిలో ఒక స్త్రీ అయినను ఉండవలెనని చట్టము. లైంగిక నేరమునకు గురియైన స్త్రీ పేరును బయటపెట్టుట నేరమని గుర్తుంచుకొనుడు. విదేశపు పని చూపు ఏజెంటునకు 1983 నాటి వలస చట్టము క్రింద రిజిస్ట్రేషను ఉన్నదా యని ముందే అడుగుడు. అవసరమైనపుడు 112కు, స్త్రీల విషయమున 181కి, పిల్లల విషయమున 1098కి ఫోను చేయుడు.

ఊరు వదలి పోయిన ఆడబిడ్డ తిరిగి వచ్చిననాడు ఆమెను ప్రశ్నలతో గాక, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి పలుకరింపుడు. ఆమె నిర్భయముగ మొదటిమాట చెప్పగలిగిననాడే కోర్టులో చివరిమాట నిలుచును.