మోకాలి మార్పిడి: చిరకారి చెప్పిన పాఠము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగపాఠము)



25 ఏండ్ల క్రిందట ఈ గ్రంథాలయపు మెట్లను పరుగున ఎక్కినవారిలో పలువురు నేడు గోడ పట్టుకొని ఎక్కుచున్నారు. కొందరు అదియు చేతకాక మనుమలచేత పుస్తకములు తెప్పించుకొనుచున్నారు. కావున ఈ సభలో మోకాళ్లను గూర్చి ముచ్చటించుట అప్రస్తుతము కాదు. నేడు ఇంటింట వినవచ్చు ప్రశ్న యొక్కటియే: మోకాలి మార్పిడి చేయించుకొనవలెనా, వలదా?

మోకాలియందు ఎముకల కొనలను కప్పి నున్నని మృదులాస్థి యుండును. వయసుచేతను, దేహభారముచేతను, పూర్వము తగిలిన దెబ్బలచేతను అది అరిగిపోగా ఎముకను ఎముక ఒరయును. చరకసంహితలో సంధిగతవాతమని వర్ణింపబడిన వాపును, కాలు ముడిచినను చాచినను కలుగు నొప్పియు ఈ వ్యాధి లక్షణములకు మిక్కిలి దగ్గరగా నున్నవి.

శస్త్రచికిత్సలో మోకాలినంతయు తీసివేయుదురను భయము వలదు. అరిగిన కొనలను పలుచగా కోసి, వానికి లోహపు తొడుగులు అమర్చి, నడుమ పాలిథిలీను పలక నుంచుదురు. 1890లో బెర్లిను నగరమున గ్లుక్ అను వైద్యుడు దంతముతో చేసిన కీలును అమర్చి చూచెను గాని ఆ యత్నము నిలువలేదు. 1974లో న్యూయార్కునందు ఇన్‌సాల్, రణావత్, వాకర్ గార్లు రూపొందించిన కీలు నేటి కీళ్లకు మాతృక. ఆ చిత్తరంజన్ రణావత్ గారే 2000, 2001 సంవత్సరములలో నాటి ప్రధాని వాజపేయి గారి రెండు మోకాళ్లకును ముంబయిలో శస్త్రచికిత్స చేసిరి.

అయినను, ఒకరికి మేలైనది అందరికిని మేలగునా? శాంతిపర్వమున చిరకారి కథ కలదు. తల్లిని వధింపుమని ఆజ్ఞాపించి తండ్రి గౌతముడు అడవికేగెను. కుమారుడు వెంటనే కత్తి ఎత్తలేదు. పితృవాక్యమొకవంక, మాతృరక్షణమొకవంక నిలిపి చిరకాలము తర్కించెను. అంతలో తండ్రి పశ్చాత్తప్తుడై తిరిగివచ్చి, భార్య బ్రదికియుండుట చూచి కుమారుని కౌగిలించుకొనెను. మరలింపరాని పనికి చిరవిచారము భూషణము. కోసిన ఎముక తిరిగి మొలవదు గదా! అయితే చిరకారి ఊరక కూర్చుండలేదు, ఆలోచించెను. నొప్పి బిళ్లలు మ్రింగుచు, కడుపును మూత్రపిండములను చెరుపుకొనుచు, నేడు రేపని గడపుట విచారము కాదు.

ఒక పల్లెలో 64 ఏండ్ల గృహిణి గలదు. పట్నములోని కుమారుడు, “అమ్మా, ఈ నెలలోనే రెండు కాళ్లకును చేయించెదను” అనెను. భర్త, “కోత యెందులకు? తైలము రాయుము” అనెను. పొరుగున ఒకతె తనకు పదియేండ్లు తగ్గినవనెను. వేరొకతె తన నొప్పి పోనేలేదనెను. అందరును నిజమే చెప్పిరి గాని, ఎవరి నిజము వారి మోకాలిదే. తుదకు కోడలు మెల్లగా అడిగెను: “అత్తయ్యా, నడక వచ్చినచో మొదట ఎచ్చటికి పోగోరెదరు?” ఆమె కొంత తడవాలోచించి, “గుడికి పోవలెను. రాత్రి నిద్ర పోవలెను. నా గేదెను నేనే పితుకవలెను” అనెను.

ఆ మాట వైద్యునకు చెప్పగా ఆయన దాచక పలికెను: “నడకయు నిద్రయు బాగుపడునని ఆశింపవచ్చును. గొంతుకూర్చుండి పితుకుట మాత్రము ఇక కుదరకపోవచ్చును.” ఆమె కన్నులు చెమర్చెను. అసలు నిర్ణయము అచ్చటనే యుండెను. ఛాయాచిత్రములో ఎంత అరిగినదన్నది వైద్యుడు చెప్పగలడు. దేనిని విడిచి దేనిని పొందవలెనన్నది రోగియే చెప్పవలెను.

జమయు ఖర్చును ప్రక్కప్రక్కన వ్రాసి చూడుడు. 2019లో ప్రకటింపబడిన లెక్కల ప్రకారము ఇట్టి కీళ్లలో నూటికి సుమారు 82, 25 ఏండ్లు, అనగా ఈ గ్రంథాలయమంత వయసు, నిలుచును. ఇది జమ. చేయించుకొన్న ఐదుగురిలో సుమారొకరికి తృప్తి కలుగకపోవచ్చును. నూటికొకరిద్దరికి చీము పట్టవచ్చును. ఇది ఖర్చు. ధనవ్యయమును గూర్చి చెప్పవలెనన్న, 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వము సాధారణ కోబాల్టు క్రోమియము కీలునకు, పన్ను గాక, 54,720 రూపాయల గరిష్ఠధర నిర్ణయించెను. వైద్యశాల ఖర్చు వేరు.

మధ్యమార్గమును మరువరాదు. 2015లో ప్రకటింపబడిన డెన్మార్కు పరిశోధనలో 100 మందిని రెండు భాగములు చేసిరి. శస్త్రచికిత్స పొందినవారికి బాధ ఎక్కువ తగ్గెను, తీవ్రమైన ఉపద్రవములును ఎక్కువే కలిగెను. 12 వారములు వ్యాయామము, ఆహారనియమము మొదలగునవి మాత్రమే పాటించిన తక్కిన 50 మందిలో ఏడాదిలోపల శస్త్రచికిత్స కోరినవారు 13 మందియే. దేహమున ఒక కిలో తగ్గినచో అడుగడుగున మోకాలిపై సుమారు 4 కిలోల భారము తగ్గునని మరియొక పరిశోధన తెల్పినది.

ఆ గృహిణియు 12 వారములు కుర్చీలో కూర్చుండి కాలు చాచి నిలుపు వ్యాయామము చేసెను. ప్రతిరాత్రి నొప్పిని ఒక నోటుపుస్తకమున గుర్తించుకొనెను. ఎడమ మోకాలు కుదుటపడెను. కుడిది రాత్రులు లేపుట మానలేదు, కాలు విల్లువలె వంగసాగెను. అప్పుడు చక్కెరవ్యాధిని అదుపులోనికి తెచ్చుకొని, పంటిచీమునకు చికిత్స పొంది, కుడి మోకాలికి మాత్రము శస్త్రచికిత్స చేయించుకొనెను. తొలి వారములు కఠినముగనే గడచెను, కాలు వంచు అభ్యాసమునకు కన్నీళ్లు పెట్టెను. మూడునెలలకు గుడికి నడచి పోయెను. గేదెను పితుకుట భర్త నేర్చుకొనెను. ఆమె ప్రక్కన ముక్కాలిపీటపై కూర్చుండి తప్పులు దిద్దుచుండును.

వేరొకరి లెక్క వేరుగ తేలవచ్చును. ఎడమ మోకాలికి వ్యాయామమే చాలినట్లు కొందరికి రెండు మోకాళ్లకును అదియే చాలును. తొందరపెట్టు బిడ్డలును, వారించు పెద్దలును ముందుగా కోడలడిగిన ప్రశ్న అడుగుదురు గాక.

తుదకొక విన్నపము. ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయపు మెట్ల ప్రక్కన చేత పట్టుకొనుట కొక ఇనుపకమ్మి వేయించినచో, చేయించుకొన్నవారును, చేయించుకొననివారును, ఇంకను ఆలోచించుచున్నవారును పుస్తకమునకై తామే వత్తురు.