మడ కింద బురద, సరుగుడు కింద ఇసుక
(దివిసీమ ఉప్పెన మృతుల స్మారకోపన్యాసం)



1977 నవంబరు 19 ఉప్పెనలో పోయినవాళ్ల పేరిట జరిగే సభలో చెట్ల లెక్కలేమిటని మీకు అనిపించవచ్చు. ఆ ఉప్పెన తర్వాతే మన తీరం పొడుగునా ప్రభుత్వం సరుగుడు నాటించింది. ఆ చెట్లు ఎంత కార్బన్ దాస్తాయన్న లెక్క ఎక్కడ తప్పుతోందో చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

సరుగుడు ఈ తీరాన పుట్టిన చెట్టు కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపుది. 1860లలో మద్రాసు ప్రెసిడెన్సీలో రైలింజన్ల కట్టెల కోసం దాని తోటలు పెంచారు. ఆ దశాబ్దంలోనే, 1864 నవంబరు 1న, బందరు దాదాపు 30 వేల మందిని కడలికి అర్పించుకుంది. కట్టెల కోసం వచ్చిన చెట్టు కంచెగా మారడానికి మరో ఉప్పెన రావలసి వచ్చింది, మధ్యలో వందేళ్లు దాటాయి. సరుగుడును నేను తక్కువ చేయడం లేదు. వేళ్లలోని సూక్ష్మజీవుల సాయంతో గాలిలోని నత్రజనిని పట్టుకుని ఇసుకలో బతుకుతుంది. గుడివాడలో మేడ కడుతుంటే స్లాబు కింద నిలబడేవి దాని బాదులే. పొయ్యికి సరుగుడు దొరికితే మడ మీద గొడ్డలి పడటం కూడా తగ్గుతుంది.

అయితే అది పంట. ఎకరాకు 40 టన్నుల పచ్చికర్ర వచ్చిందనుకుందాం. తడి ఆరిపోతే సుమారు సగం, ఆ ఎండుకర్రలో మళ్లీ సగం కార్బన్. అంటే పది టన్నులు. మూడు నాలుగేళ్లకు నరికేస్తాం. కొంత కాగితం మిల్లుకు, కొంత పొయ్యికి పోతుంది. రాలిన ఆకును కూడా ఊడ్చి వంటచెరకుగా పట్టుకెళతారు. కింద మిగిలేది ఇసుకే. మళ్లీ నాటితే మళ్లీ సున్నా నుంచే.

మడ అడవి సంగతి వేరు. సొర్లగొంది, నాచుగుంట వైపు పడవలో వెళ్లి చూస్తే మడచెట్లు పొట్టిగానే ఉంటాయి, కలప వ్యాపారి చూసి పెదవి విరుస్తాడు. అసలు సరుకు కింద ఉంది. పోటుపాట్లకు వచ్చిన ఒండ్రును వేళ్లు ఆపుతాయి. రాలిన ఆకు, చచ్చిన వేరు అందులో కూరుకుపోతాయి. నీరు నిండిన ఆ బురదలోకి గాలి దూరదు కనుక కుళ్లడం బహు నెమ్మది. శాస్త్రవేత్త డేనియల్ డొనాటో బృందం ఇండో-పసిఫిక్ ప్రాంతంలో 25 మడ అడవులను కొలిచి 2011లో ప్రకటించిన సగటు హెక్టారుకు 1,023 టన్నుల కార్బన్, ఎకరాకైతే 400 టన్నులకు పైమాటే. ఆ సగటును తెచ్చి మన పొట్టి మడలకు అంటించడం నాకిష్టం లేదు. కానీ అందులో సగం నుంచి దాదాపు మొత్తం దాకా మట్టిలోనే దొరికిందన్నది మనకు పనికొచ్చే మాట. 2019లో సైమన్ లూయిస్ బృందం నేచర్ పత్రికలో మరో లెక్క చెప్పింది: దేశాలు మాటిచ్చిన అటవీ పునరుద్ధరణ భూమిని సహజంగా పెరగనిస్తే, అదంతా తోటలు వేసినదానికన్నా 2100 నాటికి 40 రెట్లు కార్బన్ నిలుస్తుందట.

ఇక మనం చేసిందేమిటి? తొంభైలలో రొయ్యల చెరువులు వచ్చాయి. గట్టు వేసి, తవ్వి, ఎండగట్టినప్పుడు వందల ఏళ్లు గాలి తగలని బురదకు గాలి తగిలింది. చెట్టు నరికితే కనబడుతుంది. బురదలోని కార్బన్ గాలిలో కలిసిపోతే ఏ రిజిస్టరులోనూ పడదు.

తూర్పు తీరంలో కట్టెల కోసం మడను బోడిచేసిన చోట్ల మరో వింత జరిగింది. ఎండ తగిలిన నేల కుంగింది. పోటుకు వచ్చిన నీరు పాటుకు తిరిగి వెళ్లలేక ఆ పల్లంలో నిలిచి, ఆవిరై, ఉప్పు పేరుకుంది. అక్కడ ఎన్ని మొక్కలు నాటినా చచ్చేవే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ 1990ల చివర అటవీశాఖతోనూ ఊళ్లతోనూ కలిసి కృష్ణా, గోదావరి మడల్లో చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వించింది. నడుమ పెద్ద కాలువ, ఇరుపక్కల ఏటవాలుగా పిల్లకాలువలు. నీటికి రాకపోకలు కుదిరాక మడ మళ్లీ లేచింది.

ఒండ్రు విషయంలో మాత్రం మన చేతులు కట్టేసి ఉన్నాయి. 1855లో కృష్ణపై ఆనకట్ట, 1967లో నాగార్జునసాగర్, ఎగువన మరెన్నో. గుడివాడ చేలను పండించింది వీటి నీళ్లే, వాటిని నేను తప్పుపట్టలేను. కానీ మడ కిందికి రావలసిన మట్టి పైనే ఆగిపోతోందన్నదీ నిజం.

కనుక మడను తీసేసి, బదులుగా ఇసుకలో ఇన్ని లక్షల సరుగుడు నాటామని ఎవరైనా కాగితం చూపిస్తే ఒప్పుకోకండి. రొక్కం తీసుకుని నాలుగేళ్ల ప్రామిసరీ నోటు రాసిచ్చినట్టు ఉంటుంది ఆ బేరం. మడను నిలబెట్టే చేపముల్లు కాలువలకూ పూడిక పడుతుంది, తీస్తుండాలి. అటవీశాఖవారికి నా మనవి ఒక్కటే: ఏటా మొక్కల సంఖ్య ప్రకటించే పట్టికలో, పూడిక తీసిన కాలువల పొడవుకూ ఒక గడి పెట్టండి.