తీగకు ఆ కొన, ఈ కొన
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగశ్రవణము వినవలసిన పూట టెలిఫోను శాఖపై ఉపన్యాసమేమిటని మీరనుకోవచ్చును. కాని కామాటిపుర గల్లీలలోను, వర్లీ, నాయగావ్ చాళ్లలోను కాపురమున్న మనకు ఊరితో సంబంధము నిలిపినవి మూడు: రైలు, మనియార్డరు, టెలిఫోను. అందుచేత ఆ మూడవదాని పాలన ఎట్లా నడిచినదో తెలిసికొనుట మనకు అవసరమే.

మా ఇంటి మాట ఒకటి మనవి చేస్తాము. 1970 దశకములో పాలమూరు జిల్లాలోని మా ఊళ్లో మా నాయనమ్మ కాలము చేసినది. ఊరినుండి ఒక మనిషి తాలూకా కేంద్రము దాకా నడచివెళ్లి ట్రంకు కాలు బుక్ చేసినాడు. తాలూకా నుండి మహబూబ్‌నగరు, అక్కడినుండి హైదరాబాదు, హైదరాబాదు నుండి బొంబాయి. ఇన్నిచోట్ల ఆపరేటర్లు కలిపితేగాని మా చాళు కింది కిరాణా దుకాణములో గంట మ్రోగదు. దారిలో ఎక్కడో తీగ తెగినదట. కాలు మరునాటి సాయంత్రము వచ్చినది. అప్పటికి అక్కడ దహనము ముగిసినది. మా నాయన ఫోను చెవికి పెట్టుకొని చాలసేపు నిలబడినాడు గాని ఒక్క మాటైనా అనలేదు.

తప్పెవరిదని వెదకుట మా ఉద్దేశము కాదు. తెగిన తీగను బాగుచేయించే అధికారము, సామాను ఎక్కడ ఉండవలె? దూరాన ఉన్న పెద్ద కచేరీలోనా, తీగ దగ్గరనా? ఆనాటినుండి మమ్ము వదలని ప్రశ్న ఇది.

బొంబాయి, కలకత్తా, మద్రాసులలో టెలిఫోను ఎక్సేంజీలు 1882లో ప్రారంభమైనవి. అప్పుడు వాటిని నడిపినవి కంపెనీలు. 1943లో ప్రభుత్వము తీసికొన్నది. హైదరాబాదు సంస్థానపు టెలిఫోన్లు వేరు. అవి 1950లో భారత తంతి తపాలా శాఖలో కలిసినవి. అంటే అంతవరకు మన ఊరి కొన ఒక ప్రభుత్వానిది, బొంబాయి కొన మరొక ప్రభుత్వానిది. పిదప శాఖ ఒక్కటైనది. దాని కింద రాష్ట్రాల వారీగా సర్కిళ్లు, సర్కిలు కింద ఇంజనీరింగు డివిజన్లు, సబ్‌డివిజన్లు. పెద్ద నగరాలకు ప్రత్యేకముగా టెలిఫోను జిల్లాలు ఏర్పడినవి. 1985లో తపాలా, టెలికం విడిపోయినవి. 1986లో ఢిల్లీ, బొంబాయిలకు మహానగర్ టెలిఫోన్ నిగమ్, 2000 అక్టోబరు 1న మిగిలిన దేశానికి భారత్ సంచార్ నిగమ్ వచ్చినవి. తీగ ఒక్కటే, రెండు కొనలకు మరల ఇద్దరు యజమానులు!

అయితే అధికారము పంచుటలో మంచి ఉన్నది. ఎస్.టి.డి. 1960లో లక్నో, కాన్పూరుల నడుమ మొదలైనది. ఆ కోడ్లనే చూడండి. సున్నా తీసివేస్తే ముంబయికి 22, మహబూబ్‌నగరుకు 8542. పెద్ద నగరానికి పొట్టి కోడు, పొడుగు నంబరు; చిన్న పట్నానికి పొడుగు కోడు, పొట్టి నంబరు. రెండూ కలిపితే ఎక్కడైనా పది అంకెలే. దేశాన్ని దాదాపు తాలూకా ప్రమాణములో సుమారు 2,600 చిన్న ప్రాంతాలుగా విభజించి, లెక్క మాత్రము దేశమంతటికి ఒకటే ఉంచినారు. ఒకటిగా ఉండవలసినది ఒకటిగాను, విడిగా ఉండవలసినది విడిగాను ఉంచుట అంటే ఇదే.

హద్దు గీసిన తీరు బాగుండకపోతే అదే గోడ అవుతుంది. 1995లో సెల్ ఫోన్లు వచ్చినప్పుడు ముంబయి ఒక సర్కిలు, మిగిలిన మహారాష్ట్ర ఒకటి, ఆంధ్రప్రదేశ్ మరొకటి. పండుగకు ఊరు వెళితే, వచ్చిన ఫోను ఎత్తినందుకు కూడ రోమింగు డబ్బు పోయేది. సర్కిలు మారినా నంబరు నిలుపుకొనే వీలు 2015 జూలైలోగాని రాలేదు. 2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడినా, లైసెన్సుల లెక్కలో రెండు రాష్ట్రాలూ నేటికీ ఒకే సర్కిలు. జనము హద్దులు వేరు, లెక్కల హద్దులు వేరు.

మాకు తోచినది ఇది. నంబర్లు, ప్రమాణాలు, దూరపు మార్గాలు కేంద్రము చూడవలె. స్తంభము, కేబులు, మరమ్మతు, కొత్త కనెక్షను దగ్గరివాని చేతిలో ఉండవలె. ఎక్సేంజి నడిచేది 48 వోల్టుల బ్యాటరీలపైన. కరెంటు పోయి బ్యాటరీ దిగిపోతున్న వేళ, నాలుగు లీటర్ల డీజిలు కొనే అధికారము అక్కడి మనిషికి లేకపోతే, రాజధానిలో ఎంత గొప్ప ఇంజనీరున్నా ఏమి లాభము?

ఈ మాట మన సంఘానికీ వర్తిస్తుంది. 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయినప్పుడు మనకు ఊరితో మిగిలినది ఫోనొక్కటే. ఏ గదిలో ముసలమ్మ ఒంటరిగా ఉన్నది, ఎవరి ఫోనులో డబ్బు అయిపోయినది అన్నది ఆ చాళువారికి తెలిసినది. సంఘములో కూర్చున్న మాకు తెలియలేదు. తెలిసినవారి చేతిలో డబ్బు లేదు, డబ్బున్న మాకు సంగతి తెలియదు. ఆ లోపము మాదే.

కనుక ఈ ఉగాదికి ఒక విన్నపము. ప్రతి చాళుకు ఇద్దరిని ఎన్నుకొందాము. ఆ చాళులోని పెద్దల ఫోను నంబర్లు, ఊరివారి నంబర్లు వారి వద్ద ఉండవలె. మమ్ము అడగకుండానే ఖర్చు చేయుటకు కొంత సొమ్ము వారి చేతిలో ఉంచుదాము. లెక్క నెలకొకసారి చెప్తే చాలును.

ఇక ఇండ్లలో చేయవలసినది మీరే చేయవలె. నేడు ఊరికి ఫోను క్షణములో కలుస్తున్నది. ఆ కొనను అవ్వ మాట్లాడితే ఈ కొనను మన పిల్లలు తెలుగులో బదులు చెప్పలేక తల్లికి ఫోను ఇచ్చివేస్తున్నారు. ఆ తెగిన చోటును బాగుచేయుటకు ఏ శాఖా రాదు. అది మన ఇంటి సబ్‌డివిజను.