హాజీ వెళ్లి వచ్చాక అక్కడ మిగిలేది
(హజ్, ఉమ్రా యాత్రికుల శిక్షణ సభలో చేసిన ప్రసంగం)



 తవాఫ్, సయీ, అరఫాత్ విధులన్నీ ఉలమాలు చక్కగా వివరించారు. వాటి మీద నేను చెప్పగలిగిందేమీ లేదు. నేను బడిపంతుల్ని. మనం వెళ్లి వచ్చాక ఆ పవిత్ర నేల మీద ఏం మిగులుతుంది అన్న ఒక్క విషయమే మాట్లాడతాను.

కొన్నేళ్ల కిందట అమ్మను తీసుకుని ఉమ్రాకు వెళ్లాను. మక్కాలో ఒక రాత్రి గదిలో చూస్తే, నేను సగం తాగి వదిలేసిన నీళ్ల సీసాలు తొమ్మిది ఉన్నాయి. అమ్మది ఒక్కటీ లేదు. రేపల్లె నుంచి తెచ్చుకున్న స్టీలు గ్లాసు చేతిసంచిలో పెట్టుకుని, నీళ్లు దొరికిన చోట పట్టుకుని తాగేది. మర్నాడు గది ఊడ్చడానికి వచ్చిన కుర్రాడు మా మాటలు విని తెలుగులో పలకరించాడు. కడప వైపు అబ్బాయి. "రోజుకు ఎన్ని సంచులు మోస్తావు నాయనా?" అని అమ్మ అడిగింది. "లెక్క పెట్టుకోలేదమ్మా. సగం సీసాల్లో నీళ్లు అట్లే ఉంటాయి. ఆ బరువే ఎక్కువ" అన్నాడు. పిల్లలకు పర్యావరణం పాఠం చెప్పే నేను తల ఎత్తలేకపోయాను.

మనం కృష్ణా డెల్టా వాళ్లం. కాలువల పక్కన పుట్టి పెరిగాం. నీళ్లంటే పారుతూనే ఉంటాయని మన నమ్మకం. సౌదీ అరేబియాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. మక్కాలో కొళాయి తిప్పితే వచ్చే నీళ్లలో చాలా భాగం ఎర్రసముద్రం ఒడ్డున ఉప్పు తీసి, గొట్టాల్లో కొండల మీదికి పంపినవే. ఆ పనికి బోలెడంత ఇంధనం కాలుతుంది. ప్రవక్త ముహమ్మద్ (స) ఒక ముద్ నీటితో, అంటే ముప్పావు లీటరు లోపు నీటితో వుజూ చేసేవారని హదీసులు చెబుతున్నాయి. మా బడి పిల్లల చేత కొళాయి పూర్తిగా తిప్పి వుజూ చేయించి, కింద బకెట్ పెట్టాను. సగం దాటి నిండింది. కొళాయి సన్నగా తిప్పుకోవడం సున్నత్‌కు దగ్గరగా ఉండే పని.

ఇహ్రామ్ కట్టినవారు వేటాడకూడదు. హరమ్ నేలలో మొలిచిన మొక్కను విరవకూడదు. ప్రకృతికి హాని చేయకూడదన్న నియమం మన యాత్రలోనే ఉంది. మొక్కను విరవకుండా, దాని మొదట్లో ప్లాస్టిక్ సంచి పారేసి వస్తే ఆ నియమం నిలిచినట్టేనా?

ఈ వేడి సంగతి కూడా తెలుసుకోవాలి. 2024 హజ్‌లో మక్కాలో 51.8 డిగ్రీలు నమోదైంది. 1,300 మందికి పైగా చనిపోయారు. అనుమతి లేకుండా వచ్చి, నీడ దొరకక ఎండలో నడిచినవారే వారిలో ఎక్కువ. ఇక్కడ 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, చేతికొచ్చిన వరి నీట మునిగింది. ఏ ఒక్క తుఫానుకూ ఒక్క కారణం చెప్పలేం. కానీ భూమి, సముద్రం వేడెక్కితే ఎండా ముదురుతుంది, తుఫానుకూ బలం చేరుతుంది. అక్కడి హాజీకీ, ఇక్కడి కౌలురైతుకూ తగిలే దెబ్బ ఒకటే.

ఇక చేయగలిగినవి. ఇంటికో స్టీలు గ్లాసు, ఒక సీసా, రెండు గుడ్డసంచులు తీసుకెళ్లండి. పళ్లెంలో తినగలిగినంతే పెట్టుకోండి. మక్కా నుంచి మదీనాకు సుమారు 450 కిలోమీటర్లు. 2018 నుంచి కరెంటు రైలు నడుస్తోంది. సొంతంగా ఉమ్రాకు వెళ్లేవారు టాక్సీ బదులు అది ఎక్కవచ్చు. ఖుర్బానీ అధికారిక పథకం ద్వారానే చేయించండి. 1983లో అది మొదలయ్యే ముందు ఎంతో మాంసం పూడ్చిపెట్టాల్సి వచ్చేది. ఇప్పుడు పేద దేశాలకు చేరుతోంది. ఇక సామాన్లంటారా, చైనాలో తయారైన జానమాజులు పది కొని విమానంలో మోసుకురానక్కర్లేదు. చుట్టాలకు నాలుగు ఖర్జూరాలు, గుక్కెడు జమ్‌జమ్ చాలు.

చివరిగా ఒక మాట. కొంచెం కష్టంగా ఉంటుంది, మన్నించండి. ఈ యాత్రలో అన్నిటికన్నా ఎక్కువ పొగ విమానానిదే. గన్నవరం నుంచి జిద్దా 4,000 కిలోమీటర్లకు పైనే. ఫర్జ్ హజ్‌కు వెళ్లవద్దని అనే హక్కు ఎవరికీ లేదు. గేదెను అమ్మి, గాజులు అమ్మి ఇరవై ఏళ్లు కూడబెట్టి వెళ్లే తల్లికి నేను చేతులెత్తి సలామ్ చేస్తాను. కానీ స్తోమత ఉన్నవారికి హజ్ జీవితంలో ఒక్కసారే ఫర్జ్. నాలుగోసారి, ఐదోసారి ఉమ్రాకు టికెట్ తీసే ముందు ఒక్క క్షణం ఆగండి. పది పాసై, కాలేజీ దూరమై, ఖర్చు పెట్టుకోలేక ఇంట్లో కూర్చున్న ఆడపిల్లలు నా తరగతి నుంచే ఇద్దరున్నారు. ఒక్క ఉమ్రా ఖర్చుతో ఆ ఇద్దరి చదువూ సాగుతుంది. ఆ చదువు మీ పేరున సదఖా జారియాగా మిగులుతుంది. నిర్ణయం మీది, నియ్యత్ చూసేది అల్లాహ్.

మా అమ్మ ఇప్పుడు లేదు. ఆ గ్లాసు ఉంది. ఈ ఏడాది వెళ్తున్న మా చిన్నమ్మ సంచిలో దాన్ని పెట్టాను.

అల్లాహ్ మీ అందరికీ హజ్జె మబ్రూర్ ప్రసాదించుగాక. ఆమీన్.