విద్యార్థులు – కిరాయి యిల్లు



తొలకరి జల్లులు కురిసి, నిజాంసాగరు కాలువల క్రింద నారుమళ్ళు సిద్ధమగు దినములలోనే బాన్సువాడ బస్‌స్టాండునందు ఇంకొక సందడి మొదలగును. జుక్కల్, మద్నూరు, బిచ్కుంద, పిట్లం వైపునుండి వచ్చిన బస్సులనుండి పదునారు, పదునేడు, పందొమ్మిదేండ్ల పిల్లలు దిగుచుందురు. నెత్తిన బియ్యపు మూట, చేత ప్లాస్టికు బకెట్టు, చంకలో చుట్టిన పరుపు. వెంట తండ్రియో, అన్నయో. ఇంటర్మీడియెట్ చదువవచ్చినవారు కొందరు, డిగ్రీ కళాశాలలో చేరవచ్చినవారు కొందరు. వసతిగృహములో చోటు దొరికినవారి సంగతి వేరు. దొరకనివారు ముగ్గురో నలుగురో కలసి ఒక అర్రనో, ఒక పోర్షనునో కిరాయికి మాటలాడుకొందురు. ఊరినుండి దినదినము వచ్చిపోవుటకు బస్సు ఉన్నను, సాయంకాలపు ప్రయోగశాల ముగియునప్పటికి ఆ బస్సు ఉండదు. కావున ఇల్లు తప్పదు. ఆ యింటిని గూర్చియే ఈ పూట కొంత ముచ్చటింపదలచినాము.

చదువుకొరకు ఊరు విడుచుట మనకు క్రొత్త కాదు. పూర్వము పేదవిద్యార్థులు వారములు చేసికొని చదివెడివారు. సోమవారమొక యింట, మంగళవారము వేరొక యింట భోజనము. ఏడిండ్ల అన్నము తిన్న పిల్లవానికి ఏడు రకముల మనుష్యులతో మెలగుట తెలిసెడిదని పెద్దలు చెప్పుదురు. నిజమే. కాని ఆ ఏడు తలుపులును అందరికి తెరచుకొన్నవి కావు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోలులో పూటకూళ్ళ యిల్లు నడిపి కుమారుని చదివించినది. హైదరాబాదులో 1918లో రాజబహద్దూరు వెంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి హాస్టలు ఏర్పడిన పిదప, తెలుగు జిల్లాల పిల్లలకు రాజధానిలో నిలువనీడ దొరకినది. ఈ ఏర్పాటులన్నిటియందును పిల్లవానిపై ఒక పెద్దకన్ను ఉండెడిది. గృహిణియో, వార్డెనో, పూటకూళ్ళమ్మయో. నేటి కిరాయి యింట ఆ కన్ను లేదు. నలుగురు పిల్లలే గృహస్థులు. ఉప్పు ఎప్పుడయిపోవునో, నల్లా ఎప్పుడు వచ్చునో వారే చూచుకొనవలెను.

ఇల్లు చూచుటకు చాలమంది మధ్యాహ్నము పోవుదురు. ఆ వేళకు ఏ యిల్లయినను బాగుగనే కనుపించును. మొదటిసారి పగలు చూచినను, రెండవసారి చీకటిపడిన పిదప చూడవలెను. వీధిలో దీపమున్నదా, ఇరుగుపొరుగున ఏమి చప్పుడు, చదువుకొనుటకు కూర్చున్నచోట బల్బు వెలుతురు చాలునా అన్నది అప్పుడే తేలును. ఆడపిల్లలకైతే కళాశాలనుండి ఇంటిదాక ఉన్న దారిని చీకటివేళ ఒకసారి నడచి చూడక బయానా ఇయ్యరాదని మేము గట్టిగా చెప్పుదుము. వాన కురిసిన మరునాడు చూడగలిగిన మరియును మేలు. స్లాబు ఎక్కడ కారునో గోడయే చెప్పును. రేకుల కప్పు క్రింది గది కిరాయి తక్కువ. కాని పరీక్షలు మార్చి, ఏప్రిలు నెలలలో గదా వచ్చుట! ఆ రేకుల క్రింద మిట్టమధ్యాహ్నము పుస్తకము పట్టుట ఎవరి తరమును కాదు. నీళ్ళు నల్లావా, బోరువా, ఎండకాలములో బోరు ఆగునా అను విషయమును ఓనరును కాక, ఇంతకుముందు ఆ యింట ఉన్న పిల్లలను అడుగుడు. వారు ఖాళీ చేసిన కారణము కూడ ఆ మాటలలోనే తెలియును.

ఇక ఇల్లు నచ్చినది, కిరాయి కుదిరినది అనుకొన్న తరువాత, గడపలో నిలువబెట్టి ఒక ప్రశ్న వేయువారు నేటికిని ఉన్నారు. "మీరేమిటోళ్ళు, బిడ్డా?" ఈ ప్రశ్నను మృదువుగా అడుగుదురు, నవ్వుచు అడుగుదురు. జవాబు విన్నంతనే ఇల్లు "మొన్ననే వేరేవాళ్ళకు ఇచ్చినం" అగును. దీనిని గూర్చి మాటలాడకుండ కిరాయి యిండ్లను గూర్చి ప్రసంగించుట, నీళ్ళులేని బావిని పొగడుట వంటిది. రాజ్యాంగము పదునేడవ అధికరణముచే అంటరానితనమును రద్దుచేసినది. 1955లో వచ్చిన పౌరహక్కుల పరిరక్షణ చట్టము, అంటరానితనము పేరిట ఒకనిని నివాసగృహమునందు ఉండనీయకపోవుటను శిక్షార్హమైన నేరముగ పేర్కొన్నది. చట్టము ఉన్నది. కాని జూన్ నెలాఖరున, కళాశాల తెరచిన వారమున, పదునెనిమిదేండ్ల పిల్లవాడు పోలీసు ఠాణాకు పోవునా, ఇంకొక వీధికి పోవునా? ఇంకొక వీధికే పోవుచున్నాడు. ఇది వాని తప్పు కాదు.

ఇచ్చట మేము చెప్పదలచినది మిగిలిన ముగ్గురికి. నలుగురు కలసి ఇల్లు వెదకునప్పుడు ఒకనిని చూచి ఓనరు మొగము మార్చుకొన్నచో, "వీడు ప్రస్తుతము ఎక్కడనైన సర్దుకొనును, మనము చేరుదము" అనుట కలదు. అట్లనినవారు చెడ్డవారు కారు. ఇల్లు దొరకదేమోనన్న తొందరలో అందురు. కాని ఆ మాట విన్న నాలుగవవాడు దానిని ఎన్నడును మరువడు. నలుగురుగ వెళ్ళినవారు నలుగురుగనే వెనుకకు మరలుడు. అట్లే, ఇంటిపేరు మార్చి చెప్పించి చేర్పించు ఉపాయము మంచిది కాదు. మూడు సంవత్సరములు పేరు దాచుకొని బ్రతికిన పిల్లవాడు, తన్ను చూడవచ్చిన తల్లిని ఆ గడపలోనికి పిలువలేడు. ఆధార్ కార్డు ఓనరు చేతికి ఇయ్యవలసినప్పుడు ఆ ఉపాయమును నిలువదు. కులమడుగని ఇండ్లు బాన్సువాడలో లేకపోలేదు. అట్టి యిండ్లను సీనియరు విద్యార్థులు ఎరుగుదురు, అధ్యాపకులు ఎరుగుదురు. వెదకుటకు ముందే వారిని అడుగుట ఉత్తమము.

ఓనరుతో మాట నోటిమాటగ కాక కాగితముపై ఉండవలెను. పదకొండు నెలల ఒప్పందమే ఎందుకు వ్రాయుదురని పిల్లలు అడుగుచుందురు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము ప్రకారము, ఏడాదికి మించిన కిరాయి పత్రమును రిజిస్టరు చేయింపవలెను. ఆ ఖర్చు తప్పించుకొనుటకే ఈ పదకొండు. కాగితమే లేక నెలనెలకు కిరాయి ఇచ్చుచున్నచోట, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము ప్రకారము ఖాళీ చేయుమన్నను, చేసెదమన్నను పదునైదు దినముల నోటీసు కావలెను. కావున పరీక్షల మధ్య "రేపే ఖాళీ చేయుండ్రి" అనినచో బెదరి సామాను కట్టనక్కరలేదు. పెద్దలను పిలిపించి నెమ్మదిగా మాటలాడవచ్చును. చేరిన దినముననే గోడలను, తలుపులను, స్నానాల గదిని ఫోనులో ఫొటోలు తీసి ఓనరుకు పంపుడు. వాడుకతో సహజముగ వచ్చు అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడని అదే చట్టము చెప్పుచున్నది. మేకు కొట్టిన గోడకు మాత్రము మీరే బాధ్యులు. అడ్వాన్సును, నెల కిరాయిని ఫోనుద్వారా పంపిన జాడ ఉండును. చేతికిచ్చిన సొమ్మునకు నోటుబుక్కులో సంతకము తీసికొనుడు. ఓనరు పెద్దమనిషియైనచో సంతకమునకు కోపగించడు.

కరెంటు సంగతి చేరకముందే తేల్చుకొనవలెను. మీటరు వేరుగ ఉన్నదా, ఓనరు మీటరునుండియే తీగ వచ్చినదా? 2024లో ఆరంభమైన గృహజ్యోతి పథకము క్రింద అర్హతగల ఇంటికి నెలకు 200 యూనిట్లవరకు బిల్లు లేదు. దాటినచో ఆ నెల మొత్తము బిల్లు వచ్చును. ఒకే మీటరుపై ఓనరు కుటుంబమును, విద్యార్థులును ఉన్నచోట, 200 దాటిన నెల ఎవరివలన దాటినదను తగవు పుట్టక మానదు. దీనికి విరుగుడు లెక్కయే. నీళ్ళు కాచు హీటరు రాడ్డు 1,500 వాట్లదనుకొందము. గంట మండినచో యూనిటున్నర. నలుగురు చెరి అరగంట వాడినచో దినమునకు మూడు యూనిట్లు, నెలకు తొంబది. అదే 75 వాట్ల ఫ్యాను రాత్రి పదిగంటలు తిరిగినను ముప్పాతిక యూనిటే. పిల్లలు ఫ్యాను ఆర్పలేదని ఒకనినొకడు తిట్టుకొందురు. రాడ్డును గూర్చి ఎవరును మాటాడరు!

ఆ రాడ్డును గూర్చియే ఇంకొక మాట. రాడ్డు పెట్టిన బకెట్టులో, స్విచ్చి ఆర్పి ప్లగ్గు పీకకముందు, వేడి చూచుటకు వ్రేలు ముంచరాదు. ఇనుప కూలరును తడిచేతితో, వట్టికాళ్ళతో తాకరాదు. నీళ్ళు పోయునప్పుడు ప్లగ్గు తీసివేయవలెను. పాతయిండ్లలో మూడు రంధ్రముల ప్లగ్గు ఉన్నంతమాత్రాన ఎర్తు ఉన్నట్లు కాదు. తెలిసిన ఎలక్ట్రీషియనుచేత చూపించినచో ఖర్చు స్వల్పము. ఎండకాలములో కూలరు షాకుతో ప్రాణములు పోయినవన్న వార్త లేని సంవత్సరము మనకు లేదు. గ్యాసు వాసన వచ్చినచో స్విచ్చి వేయను వద్దు, ఆర్పను వద్దు. ఆ వాయువు గాలికంటె బరువైనది, నేలమట్టున నిలుచును. తలుపులు తెరచి, రెగ్యులేటరు మూసి, బయటకు వచ్చి 1906 నంబరుకు ఫోను చేయుడు. కనెక్షను లేనివారు చాటుమాటున సిలిండరు కొననక్కరలేదు. గుర్తింపుకార్డు చూపినచో అయిదు కిలోల చిన్న సిలిండరు చట్టబద్ధముగనే దొరకును.

వంటయింటిలోనికి వచ్చితిమి గనుక అక్కడి ముచ్చట. బాన్సువాడ మూడు భాషల కూడలికి దగ్గరి ఊరు. మద్నూరు, జుక్కల్ ప్రాంతముల పిల్లలకు ఇంట జొన్నరొట్టె అలవాటు. మరాఠీయో, కన్నడమో కొందరి ఇంటిభాష. వర్ని, కోటగిరి వైపు క్యాంపులనుండి వచ్చిన పిల్లల తాతలు నిజాంసాగరు నీటికై కోస్తా జిల్లాలనుండి వలసవచ్చినవారు. వారి సంచిలో గోంగూర పచ్చడి, ఆవకాయ ఉండును. ఇట్టి నలుగురు ఒక పొయ్యి దగ్గర చేరినప్పుడు మొదటి నెల కొంత గొడవ, రెండవ నెలనుండి విందు. రొట్టె తట్టుట వచ్చినవానికి అంట్లు తోముట తప్పింపవలెను. ఇది మా స్వంత అభిప్రాయము. రొట్టె తట్టుట చేతనైనవాడు అరుదు.

బియ్యము కడ మాత్రము జాగ్రత్త కావలెను. ఒకని తండ్రికి కాలువక్రింద మూడెకరములు. వాడు మూట తెచ్చును. ఒకని తల్లి కూలికి పోవును. వాడు రేషను బియ్యము తెచ్చును. ఇదివరకు ఆ బియ్యము దొడ్డువి, ఈ బియ్యము సన్నవి. రెండు కుండలు, రెండు పొయ్యిలు అయిన యిండ్లున్నవి. 2025 ఉగాదినుండి తెలంగాణములో రేషను దుకాణమున సన్నబియ్యము ఇచ్చుచున్నారు గనుక ఆ భేదము కొంత తగ్గినది. బియ్యమంతయు ఒకే డబ్బాలో పోసి, ఎవడెన్ని కిలోలు తెచ్చెనో నోటుబుక్కులో వ్రాసి, నెలాఖరున సరిచేసికొనుట మేలు. తెచ్చినవాడు "నా బియ్యము" అన్న మాట నోట రానీయరాదు. డబ్బాలో పడిన తరువాత అవి ఇంటి బియ్యము.

సొమ్ము విషయమున మొగమాటము వలదు. ఇల్లు నెలకు 4,000 రూపాయలనుకొందము. నలుగురికి వెయ్యేసి. దసరా సెలవులకు పోయిన ఒకడు తిరిగి రాలేదు. మిగిలిన ముగ్గురిపై తలకు 333 రూపాయలు అదనముగ పడును. మధ్యలో పోవువాడు తన చోటికి ఇంకొకని చూపవలెననియో, ఒక నెల కిరాయి ఇచ్చిపోవలెననియో చేరిన దినముననే అనుకొనుడు. దీనికి భిన్నమైనది, ఉండగోరియు ఇయ్యలేనివాని స్థితి. స్కాలర్‌షిప్పు సకాలమునకు రాదు. పత్తి ధర పడును. ఇంట ఎవరికో జబ్బు చేయును. అట్టివాడు మొదట చేయు పని మాటలాడుట మానివేయుట. పొద్దున్నే లేచిపోవును, "ఆకలి లేదు" అనును. మూడు దినములు వరుసగ ఆకలి లేదన్న స్నేహితుని కూర్చుండబెట్టి అడుగుడు. నెలకు ఏబదేసి రూపాయలు నలుగురును ఒక డబ్బాలో వేసి ఉంచుకొన్నచో, ఆరు నెలలకు 1,200 అగును. ఒకని కిరాయి ఒక నెలకు దానినుండి పోవచ్చును. అది దానము కాదు, వాడును అందులో వేసినదే. చదువు మానుకొని హైదరాబాదునకు కూలికి పోయిన పిల్లలలో కొందరు, ఆ ఒక్క నెల ఎవరును అడుగకపోవుటచే పోయినవారు.

చుట్టములు, స్నేహితులు వచ్చినచో ఎన్ని రాత్రులుందురో, పదిగంటల తరువాత ఫోనులో పాటలెట్లో, వీధి వాకిలి ఎవరు ఊడ్తురో మీరే నిర్ణయించుకొందురు; మేము చెప్పనక్కరలేదు. పొరుగింటి ముసలమ్మకు మాత్రము మీ నలుగురి పేర్లును తెలిసియుండుట మంచిది. అర్ధరాత్రి జ్వరము వచ్చినప్పుడు మొదట తట్టునది ఆమె తలుపే.

ఖాళీ చేయుటకు పదునైదు దినముల ముందు ఓనరుకు మాట చెప్పి, చివరి దినమున ఆయన యెదుటనే మీటరు చూచి, కరెంటు లెక్క తీర్చి, మొదటి ఫొటోలు చూపి, అడ్వాన్సు చేతికి వచ్చిన తరువాతనే తాళపుచెవి ఇయ్యుడు. డబ్బాలో మిగిలిన బియ్యమును పంచుకొని మోసికొనిపోవలదు. జూన్‌లో ఆ యింటిలోనికి రాబోవువారు ఎవరో కనుగొని, వారికి అప్పగింపుడు.